మందు మింగనివారి కడుపులో మందుకు లొంగని క్రిములు



ఒక పల్లెటూరిని ఊహించుకోండి. ఆ ఊళ్ళో ఒక అవ్వ ఉంది. వయసు డెబ్బయి దాటింది. జలుబు చేస్తే మిరియాల కషాయం, కడుపునొప్పి వస్తే వాము, దెబ్బ తగిలితే పసుపు. అంతే ఆమె వైద్యం. యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి కూడా ఆమె గొంతు దిగలేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ అవ్వ ప్రేగుల్లో యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా ఉంటాయా, ఉండవా?

"ఎందుకుంటాయి? మందే వాడని మనిషిలో మందును తట్టుకునే క్రిములు ఎక్కడినుంచి వస్తాయి?" అని మీలో చాలామంది అంటారు. ఆ మాట సబబుగానే కనిపిస్తుంది. కాని అది తప్పు. అవి ఉండవచ్చు. ఉండే అవకాశం బాగానే ఉంది. అవ్వలాంటి వాళ్ళను పరీక్షించి చూసిన శాస్త్రజ్ఞులు అదే చెబుతున్నారు.

ఈ చిన్న సంగతిలో ఒక పెద్ద విషయం ఉంది. మందులు పనిచేయకుండా పోతున్నాయంటే తప్పు ఎవరిది? దానికి విరుగుడు ఏమిటి? ఈ ప్రశ్నలకు మనం పాఠాల్లోనూ పోస్టర్లలోనూ సగం జవాబే చెబుతున్నామని నా అభిప్రాయం. "డాక్టరు చెప్పకుండా మందు కొనకండి, చెప్పినన్ని రోజులూ వాడండి" అన్నది ఆ సగం. అది నిజమే. మిగతా సగం ఏమిటో చూద్దాం.

కడుపులోని జనాభా

మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని ఒక అంచనా. వాటిలో అత్యధిక భాగం కాపురం పెద్దప్రేగులోనే. ప్రపంచంలోని మనుషులందరినీ కలిపినా, ఒక్క మనిషి కడుపులో ఉన్న ఈ జనాభాలో వేలవంతు కూడా కారు!

ఈ జనాభాలో ఒక తెగ పేరు ఇ. కోలై. 1885లో థియొడోర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు పసిపిల్లల మలంలో దీన్ని కనిపెట్టాడు. ప్రేగుల్లోని బాక్టీరియా మొత్తంలో ఇవి నూటికి ఒకటి కూడా ఉండవు. అయినా శాస్త్రజ్ఞులకు వీటిమీద ఎక్కువ దృష్టి. ఎందుకంటే వీటిని ప్రయోగశాలలో పెంచడం తేలిక. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా! కడుపులో ఏం జరుగుతున్నదో తెలుసుకోవడానికి ఇ. కోలై అలాంటి మెతుకు.

ఇ. కోలైలో చాలా రకాలు ప్రేగుల్లో ఉన్నంతసేపూ మహా బుద్ధిమంతులు. కాని అవే మూత్రనాళంలోకి గాని, ఆపరేషను గాయంలోకి గాని, పుట్టిన బిడ్డ రక్తంలోకి గాని చేరాయంటే ప్రాణాలమీదికి తెస్తాయి. ఇంట్లో సాధువు, వీధిలో రౌడీ అన్నమాట. అప్పుడు వాటిని అణచడానికి యాంటీబయాటిక్ కావాలి. ఆ మందుకు అవి లొంగకపోతే? మరో మందు. దానికీ లొంగకపోతే? ఇంకా ఖరీదైనది, సెలైన్ పెట్టి రోజుల తరబడి ఎక్కించవలసినది. అది దొరికేది పట్నంలో పెద్ద ఆసుపత్రిలో. పల్లెటూరి కుటుంబానికి ఆ దూరమే ఒక జబ్బు.

ఇది ఏదో అరుదుగా వచ్చే ప్రమాదం కాదు. మందుకు లొంగని బాక్టీరియా మూలంగా 2019లో ప్రపంచం మొత్తంమీద సుమారు 12 లక్షల 70 వేలమంది చనిపోయారని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు.

చీటీలు అందించుకునే క్రిములు

పెనిసిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఒక హెచ్చరిక చేశాడు. చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిములు చావకపోగా దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయని చెప్పాడు. "నేర్చుకోవడం" అంటే బడిలో కూర్చుని నేర్చుకోవడం కాదు. కోట్ల క్రిముల్లో ఏ ఒక్కదాని జన్యువులోనో యాదృచ్ఛికంగా ఒక మార్పు వస్తుంది. మందు పడగానే మిగతావి చస్తాయి, అది మిగులుతుంది. అనుకూలమైన పరిస్థితుల్లో ఇ. కోలై ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలగలదు. ఇక దాని సంతానానికి ఎదురేమున్నది?

కాని కథ అంతటితో ఆగలేదు. 1950 తర్వాత జపానులో జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా అనే బాక్టీరియా ఒకేసారి నాలుగు రకాల మందులకు లొంగకుండా పోయింది. ఒక్కొక్క మందుకు విడివిడిగా మార్పు రావాలంటే చాలా కాలం పట్టాలి. నాలుగూ ఒక్కసారి ఎలా వచ్చాయి?

1959లో జపాను శాస్త్రజ్ఞులు గుట్టు విప్పారు. షిగెల్లా దాన్ని సొంతంగా సంపాదించుకోలేదు. ప్రేగులో తన పక్కనే ఉన్న ఇ. కోలై దగ్గర తీసుకున్నది!

పరీక్ష హాలులో దొంగచాటుగా చీటీలు అందించుకునే వాళ్ళను మీరు చూసే ఉంటారు. (మీరు అలాంటివారు కారని నాకు తెలుసు!) బాక్టీరియా చేసేదీ అదే. వాటి దగ్గర ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. వలయం ఉంటుంది. అదే ఆ చీటీ. ఫలానా మందును ఎలా ముక్కలు చేయాలి, ఫలానా మందును లోపలికి రాగానే ఎలా బయటికి నెట్టాలి అన్న జవాబులు అందులో రాసి ఉంటాయి. ఒకే చీటీలో నాలుగైదు ప్రశ్నలకు జవాబులు ఉండవచ్చు. ఇచ్చిన క్రిమి తన చీటీ పోగొట్టుకోదు. నకలు తీసి ఇస్తుంది. తన జాతివాటికే ఇవ్వాలన్న నియమం కూడా లేదు. సాధువైన ఇ. కోలై, ప్రాణాంతకమైన టైఫాయిడ్ క్రిమికి కూడా చీటీ అందించగలదు.

మన దేశంలో దీనికి ఉదాహరణ ఉంది. 1972లో కేరళలోని కాలికట్‌లో టైఫాయిడ్ రోగులకు క్లోరాంఫెనికాల్ పనిచేయడం మానేసింది. అప్పట్లో టైఫాయిడ్‌కు అదే రామబాణం. పరిశోధించి చూస్తే, ఆ టైఫాయిడ్ క్రిముల్లో ఉన్న ప్రతిఘటన ఇతర బాక్టీరియాకు బదిలీ చేయగలిగినదేనని తేలింది. అంటే అది చీటీల బాపతే.

కాబట్టి, కడుపులో ఊరికే పడి ఉన్న హానిలేని బాక్టీరియా మందుకు లొంగకపోతే మనకేమి నష్టం అనుకోకూడదు. అవి చీటీల గిడ్డంగి.

మందు చేరని చోటికి క్రిమి చేరింది

ఇప్పుడు మన అవ్వ దగ్గరికి వద్దాం.

పసిఫిక్ మహాసముద్రంలో సాలమన్ దీవులున్నాయి. అక్కడ యాంటీబయాటిక్ మందులు ఎరగని ఒక సమాజంలో మనుషుల మలాన్నీ, మట్టినీ పరీక్షించి, ఇలాంటి చీటీలున్న బాక్టీరియా కనిపించాయని 1969లోనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

దక్షిణ అమెరికాలో బొలీవియా దేశంలో చాకో అనే ఎండు ప్రాంతం ఉంది. అక్కడ గ్వారనీ తెగవారి మారుమూల పల్లె ఒకదాన్ని పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఊరికి రాకపోకలు బహు తక్కువ. మందుల వాడకం అంతకంటే తక్కువ. అయినా సుమారు మూడింట రెండువంతుల మంది ప్రేగుల్లో ఏదో ఒక యాంటీబయాటిక్‌కు లొంగని ఇ. కోలై ఉన్నది.

"అది ప్రకృతిలో మొదటినుంచీ ఉన్నదే కావచ్చు కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. నిజమే, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు తమలో తాము పోట్లాడుకోవడానికి యాంటీబయాటిక్‌లను కోట్ల ఏళ్ళుగా తయారు చేస్తున్నాయి. కాబట్టి వాటికి విరుగుళ్ళు కూడా పాతవే. కెనడాలో 30,000 ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న నేలలో కూడా అలాంటి జన్యువులున్నట్లు 2011లో కనుగొన్నారు. కాని మట్టిలో ఎక్కడో ఉండడం వేరు, ఊళ్ళో ప్రతి మూడు కడుపుల్లో రెండింట ఉండడం వేరు. మొదటిది గింజ. రెండోది పంట. పంట పండాలంటే ఎవరో విత్తాలి, ఎవరో నీళ్ళు పెట్టాలి.

నీళ్ళు పెట్టిందెవరో ఈక్వడార్ దేశంలో కొంత తెలిసింది. ఆ దేశపు వాయవ్య మూల అడవుల్లో నది ఒడ్డున పల్లెలున్నాయి. కొన్నింటికి కొత్తగా రోడ్డు పడింది. కొన్నింటికి అప్పటికి పడవే దిక్కు. శాస్త్రజ్ఞులు ఈ పల్లెల్ని పోల్చి చూసి 2012లో ఒక సంగతి చెప్పారు. పట్నానికి దగ్గరైన ఊళ్ళలో మందుకు లొంగని ఇ. కోలై ఎక్కువ. దూరాన ఉన్న ఊళ్ళలో తక్కువ. మందుల వాడకంతోపాటు, ఒకరినుంచి ఒకరికి క్రిములు పాకే జోరు కూడా దీనికి ముఖ్య కారణమని వారి లెక్క. ఆ ప్రాంతంలోనే కోళ్ళను పరీక్షించి 2016లో ఇంకో సంగతి చెప్పారు. బయటినుంచి తెచ్చి పెంచే బ్రాయిలర్ కోళ్ళలో ఇలాంటి క్రిములు ఎక్కువ, ఊళ్ళో పుట్టి పెరిగిన నాటు కోళ్ళలో తక్కువ.

సుబ్బారావుగారి మందు, కోడిపిల్లల దాణా

కోళ్ళకూ యాంటీబయాటిక్‌కూ సంబంధమేమిటి? ఈ కథలో మన తెలుగువారి ప్రస్తావన ఉంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు అధిపతిగా పనిచేశాడు. ఆయన నాయకత్వంలో అక్కడ వెలువడిన గొప్ప మందుల్లో ఆరియోమైసిన్ ఒకటి. దాన్ని బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవినుంచి తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. అది వైద్యుల చేతికి వచ్చిన 1948లోనే, ఆగస్టు నెలలో, సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ తరువాత అదే సంస్థలో జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రజ్ఞులు, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల దాణాలో కలిపి చూశారు. కోడిపిల్లలు త్వరగా బరువెక్కాయి! ఇంకేముంది, రోగం ఉన్నా లేకున్నా పశువులకూ కోళ్ళకూ చిన్న మోతాదులో యాంటీబయాటిక్ పెట్టడం దేశదేశాల్లో అలవాటయింది. ఫ్లెమింగ్ హెచ్చరించిన చాలీచాలని మోతాదు సరిగ్గా ఇదే. మనుషుల ప్రాణాలు కాపాడటానికి పుట్టిన మందు కోడి బరువు పెంచే మసాలాగా మారింది.

దీని ఫలితాన్ని స్టూవర్ట్ లెవీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రయోగం చేసి చూపించాడు. ఒక కోళ్ళఫారంలో కొన్ని కోళ్ళకు టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా, కొన్నింటికి మామూలు దాణా పెట్టించాడు. మందు తిన్న కోళ్ళ ప్రేగుల్లో లొంగని బాక్టీరియా కొద్దిరోజుల్లోనే పెరిగాయి. అయిదారు నెలలకు ఆ ఫారం కుటుంబ సభ్యుల ప్రేగుల్లో కూడా అవి బాగా పెరిగాయి. ఆ మనుషులు మందు మింగలేదు. కోళ్ళు మింగాయి! లెవీ దీన్ని 1976లో ప్రకటించాడు. ఇందులో ఒక శుభవార్త కూడా ఉంది. మందు దాణా ఆపేసిన తరువాత ఆరు నెలల్లో ఆ కుటుంబంలో చాలామందికి ఆ క్రిములు కనిపించనంతగా తగ్గిపోయాయి.

యూరపు దేశాల కూటమి బరువు పెంచడానికి యాంటీబయాటిక్‌లు వాడటాన్ని 2006లో పూర్తిగా మాన్పించింది. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే జంతువులకు వాడరాదని నిషేధించింది. ఏ మందూ పనిచేయనప్పుడు మనిషికి మిగిలే చివరి మందుల్లో అది ఒకటి.

హాలెండు యాత్రికులు చెప్పిన సాక్ష్యం

ఇప్పుడు నా వాదనకు అన్నిటికన్నా ముఖ్యమైన సాక్ష్యం. హాలెండులో రెండువేల మంది యాత్రికులను విదేశాలకు వెళ్ళేముందూ వచ్చిన తరువాతా పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఒక బలమైన మందుల కుటుంబానికి లొంగని ప్రేగు బాక్టీరియా అంతకుముందు లేనివారిలో, సుమారు మూడోవంతు మంది వాటిని వెంట తెచ్చుకున్నారు. మన దేశం ఉన్న దక్షిణాసియాకు వచ్చి వెళ్ళినవారిలో అయితే నూటికి 75 మంది!

ప్రయాణంలో యాంటీబయాటిక్ వాడినవారికి ప్రమాదం మరింత ఎక్కువ. నిజమే. కాని ఏ మందూ వాడనివారు కూడా చాలామంది తెచ్చుకున్నారు. ఎలా? మనం తినే తిండి తిన్నారు, మనం తాగే నీళ్ళు తాగారు. అంతే. తిరిగి వెళ్ళిన తరువాత సగంమందిలో నెల రోజులకే ఆ క్రిములు కనిపించకుండా పోయాయి. ఏడాది తరువాత కూడా మిగిలింది నూటికి 11 మందిలో.

ఇది జాగ్రత్తగా ఆలోచించండి. వాళ్ళకు కొద్ది వారాల్లో అంటినది మనకు పుట్టిన దగ్గరినుంచీ అంటుతూనే ఉంది. వాళ్ళకు ఇంటికి వెళ్ళగానే వదిలినది మనకు వదలడం లేదు. ఎందుకంటే వదిలిన మర్నాడే మళ్ళీ గ్లాసులోనో కంచంలోనో వచ్చి చేరుతుంది. ఒకరి మలంలోనిది మరొకరి నోటికి చేరే దారి తెరిచి ఉన్నంతకాలం ఊరంతటికీ కలిపి ఒకటే కడుపు! ఆ ఊళ్ళో ఏ ఒక్కరు మందు దుర్వినియోగం చేసినా దాని ఫలితం అందరూ పంచుకుంటారు. అవ్వతో సహా.

అసలు మందు ఎక్కడుంది?

అందుకే నేననేది ఇది. మంచినీళ్ళూ, మరుగుదొడ్డీ, మురుగు శుద్ధీ కూడా యాంటీబయాటిక్ విధానంలో భాగమే. వాటిని "పారిశుద్ధ్యం" అని వేరే శాఖకు వదిలేసి, "చదువులేని పల్లె జనం ఇష్టమొచ్చినట్లు మాత్రలు మింగుతున్నారు" అని తిట్టడం అన్యాయం. అంతేకాదు, అశాస్త్రీయం కూడా. అనేక దేశాల లెక్కలు పోల్చిన ఒక పరిశీలన 2018లో వెలువడింది. మందులకు లొంగని క్రిములు ఎక్కువగా ఉండటానికి, మందుల అమ్మకాలకన్నా పారిశుద్ధ్యం వంటి సదుపాయాల లోటుతోనే గట్టి సంబంధం కనిపించింది.

పల్లెవాళ్ళు చేయని తప్పుకు కూడా ఫలితం అనుభవిస్తున్నారు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో అనేక మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరే శుద్ధి కేంద్రంనుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేసిన తరువాత కూడా అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ! ఆ తరువాత చుట్టుపక్కల గ్రామాల బావినీటిలోనూ మందుల జాడలు కనిపించాయి. ఆ బావినీళ్ళు తోడుకున్న రైతు ఏ మందుల షాపుకు వెళ్ళాడని అతన్ని తప్పు పడతాం?

"అయితే మందులు ఎలా వాడినా ఫరవాలేదా?" అంటారేమో. ముమ్మాటికీ కాదు. మందు దుర్వినియోగం నిప్పురవ్వ. మురికి గడ్డివాము. రవ్వ లేకుండా మంట పుట్టదు. గడ్డివాము లేకుండా ఊరంతా అంటుకోదు. మనం రవ్వల గురించి మాత్రమే మాట్లాడుతూ గడ్డివాము మీద కూర్చున్నాం. ఎన్నో బలమైన మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనీ, అమ్మినవి ప్రత్యేక పుస్తకంలో రాయాలనీ 2014 మార్చినుంచి చట్టం ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయాల్సిందే. దాంతోపాటు పల్లెకు మంచి డాక్టరూ, మంచినీరూ కూడా రావాలి. డాక్టరు లేని ఊరికి "డాక్టరు నడగకుండా మందు వాడకండి" అన్న పోస్టరు ఒక్కటి పంపితే ఏం లాభం?

మీరేం చేయవచ్చు?

మొదటిది, విరేచనాలు పట్టుకోగానే యాంటీబయాటిక్ కోసం పరుగెత్తవద్దు. పసిపిల్లల విరేచనాల్లో చాలా భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. వైరస్‌ల మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ముందు కావలసింది ఓ.ఆర్.ఎస్. నీళ్ళు. రక్తం పడితేనో, జ్వరం గట్టిగా ఉంటేనో, బిడ్డ నీరసించిపోతేనో వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. విరేచనాల వైరస్‌లలో ముఖ్యమైన రోటావైరస్‌కు టీకా కూడా ఉంది. 2016లో ప్రభుత్వం ఈ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా వేయించుకున్న బిడ్డకు విరేచనాలు తక్కువ, అనవసరపు మందులూ తక్కువ.

రెండోది, దొడ్డికి వెళ్ళి వచ్చాక, అన్నానికి ముందు, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ మాట ఒకటో తరగతినుంచీ వింటున్నారని తెలుసు. కాని ఇప్పుడు కారణం కొత్తది. మీరు కడుక్కునేది చేతులను మాత్రమే కాదు, బాక్టీరియా చీటీలను కూడా.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. నలుగురైదుగురు కలిసి మీ ఊరి పటం గీయండి. మంచినీళ్ళ ట్యాంకు ఎక్కడుంది, బోరింగులు ఎక్కడున్నాయి, మరుగుదొడ్ల గుంటలు వాటికి ఎంత దూరం, మురుగుకాలువ ఎక్కడ మొదలై ఏ చెరువులో కలుస్తుంది, కోళ్ళఫారం ఎరువు ఎక్కడ పోస్తున్నారు, ఇవన్నీ గుర్తు పెట్టండి. ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు ఎప్పుడెప్పుడు కలుపుతున్నారో కనుక్కోండి. ఆ పటాన్ని మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఆయనతో కలిసి గ్రామపంచాయతీకి తీసుకువెళ్ళండి. పెద్దవాళ్ళు మొదట నవ్వవచ్చు. పటంలో బోరింగు పక్కనే మరుగుదొడ్డి గుంట కనిపించినప్పుడు ఆ నవ్వు ఆగుతుంది.

కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టడం మీలో ఎవరో పెద్దయ్యాక చేయవచ్చు. సుబ్బారావుగారు పుట్టిన నేలమీద అది జరగదని ఎందుకనుకోవాలి? కాని అంతదాకా, ఉన్న మందుల్ని కాపాడుకునే పని ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గరినుంచే మొదలుపెట్టవచ్చు.

మన అవ్వ ఏ తప్పూ చేయలేదు. ఒక్క మాత్ర కూడా వృథా చేయలేదు. రేపు ఆమెకు నిజంగా జబ్బు చేసి, జీవితంలో మొదటిసారి యాంటీబయాటిక్ అవసరమైన నాడు అది పనిచేయాలి. ఆమెకు మనం ఆ మాత్రం బాకీ ఉన్నాం.